బామ్మ నడక

నవంబర్ 2, శనివారం

మొత్తానికి నా బొమ్మల సినిమాలో మొదటి సీన్ అయింది. బామ్మ అపార్ట్‌మెంట్ మెట్లు దిగి గేటు దగ్గరికి వస్తుంది, అంతే. దీనికి పొద్దుటి నుంచీ కూర్చున్నాను. కంప్యూటర్లో ఆ వర్చువల్ వరల్డ్‌లో మెట్లు ఎవరో కట్టి పెట్టినవే. బామ్మ ఫ్రీగా దొరికిన బొమ్మ. దానికి చీర మాత్రం కొన్నాను. బొమ్మను నడిపించడం, స్క్రీన్ రికార్డ్ చేయడం, నాకు వచ్చింది ఇంతే. టెక్నికల్‌గా నాకేమీ తెలియదని అందరికీ గర్వంగానే చెప్పుకుంటాను.

బామ్మ గొంతు లలితకుమారి గారిది. మా పై ఫ్లోర్. ఇక్కడే ఢిల్లీలో సెంట్రల్ గవర్నమెంటు ఆఫీసులో చేసి రిటైరయ్యారు, రాజమండ్రి మాట మాత్రం పోలేదు. అడగ్గానే వచ్చి డైలాగులన్నీ చెప్పారు. ఆ రోజు లిఫ్ట్ పనిచేయలేదు. అయినా మెట్లు దిగి వచ్చారు, ఆ కాలితో. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు ఈడుస్తారు.

నవంబర్ 6

బామ్మ మరీ పడుచుపిల్లలా నడుస్తోందని మా ఆయన వెక్కిరించారు. ఆ వర్చువల్ వరల్డ్‌లో నడకలు కూడా దొరుకుతాయి, గాజుల కొట్టులో గాజులు దొరికినట్టు. ఒక్కొక్కటీ బామ్మకు వేసి చూశాను. ఒకటి వేయగానే పకపకా నవ్వాను. ఎడమ కాలు ఈడుస్తూ, కుడి చేత్తో గాలిని తోసుకుంటూ నడిచింది బామ్మ.

ఎవరిలా ఉందో ఆ క్షణంలోనే తెలిసింది. తెలిసే నవ్వాను. డైరీలో కూడా అబద్ధం ఎందుకు.

మిగతా సీన్లన్నీ ఆ నడకతోనే తీశాను. మొదటి సీన్ మళ్ళీ తీసే ఓపిక లేదు. ఎవరు చూడొచ్చారు.

నవంబర్ 10

ప్రవల్లికకు చూపించాను. నా కూతురు నవ్వలేదు. ఇది లలితా ఆంటీయే కదా అని హిందీలో అడిగింది. పోయి చదువుకోమన్నాను.

నవంబర్ 16

పొల్యూషన్ వల్ల రేపటి కార్తీక వనభోజనాలు పార్కులో లేవు. భోజనాలు మా కమ్యూనిటీ హాల్లోనే. తెలుగు సంఘం కేశవరావు గారు ఫోన్ చేసి, అందరూ లోపలే కూర్చోవాలి, నీ సినిమా వేద్దాం అన్నారు. నడక మార్చడానికి టైముంది. మార్చలేదు. జనం నవ్వితే వినాలనిపించింది.

నవంబర్ 17, సాయంత్రం

నవ్వారు.

బామ్మను గేటు దగ్గర గార్డు ఓటీపీ అడిగితే, ఆవిడ రేషన్ కార్డు తీసే చోట మామూలుగా నవ్వారు. అలిగి వెనక్కి తిరిగి నడిచినప్పుడు హాలంతా గొల్లుమంది. తర్వాత ఒక్కో తలా రెండో వరుస వైపు తిరిగింది. నవ్వు సగంలో ఆగిపోయింది. లలిత గారు మాత్రం చివరిదాకా ఒకే చిరునవ్వుతో కూర్చున్నారు.

ఎవరూ అడగకముందే సంజాయిషీ మొదలుపెట్టాను. బొమ్మతో పాటే ఆ నడక వచ్చిందని, మార్చడం నాకు రాదని. పాపం ఈ అమ్మాయికి టెక్నికల్‌గా ఏం తెలుసు అని కేశవరావు గారు వంత పాడారు. లలిత గారు తలూపి, గొంతు బాగా వినిపించిందన్నారు.

భోజనాలయ్యాక అందరూ లేచారు. ఆవిడ కుర్చీలోంచి లేవలేదు. హాలు ఖాళీ అయ్యేదాకా ఒక్క అడుగు వేయలేదు. నేను తెర చాటున వైర్లు చుడుతున్నట్టు నటిస్తూ అంతా చూశాను. వెళ్ళి చెయ్యి పట్టుకోవాల్సింది. సిగ్గుతో చచ్చిపోయాను, కానీ తెర వెనకనుంచి రాలేదు.

నవంబర్ 18

ఆవిడ కిందికి రాలేదు. పొగ వల్లే అనుకుందాం.

నవంబర్ 20

ఈ రోజూ రాలేదు. అన్ని సీన్లలో నడక మార్చి మళ్ళీ రికార్డ్ చేశాను. అరపూటలో అయిపోయింది. నాకు రాదన్న పని.

నవంబర్ 22

లాప్‌టాప్ పట్టుకుని పైకి వెళ్ళాను. తప్పు సరిచేశానని చెబుదామనే వెళ్ళాను. ఆవిడ తలుపు తీయడానికి చాలాసేపు పట్టింది. లోపల్నుంచి కాలు ఈడ్చిన చప్పుడు వింటూ నిలబడ్డాను. తయారు చేసుకున్న మాటలన్నీ పోయాయి.

"ఆ నడక బొమ్మతో రాలేదండీ. నేనే వెతికి పెట్టాను."

"తెల్సమ్మా," అన్నారు. "మొదట్లో నీ బామ్మ మెట్లు చక్కగానే దిగింది కదా."

క్షమించమన్నాను. కాఫీ తాగుతావా అని అడిగారు. తిట్టి ఉంటే ఏడ్చేసి, తేలికపడి వచ్చేసేదాన్ని. కొత్త సినిమా చూస్తారా అంటే వద్దన్నారు.

నవంబర్ 24, ఆదివారం

లలిత గారు వచ్చారు. పాత సినిమాలో మెట్లు దిగే ముక్క ఒక్కటే పెట్టమన్నారు. పెట్టాను. మళ్ళీ పెట్టమన్నారు. ఈడ్చకుండా మెట్లు దిగే బామ్మ కాళ్ళనే చూస్తున్నారు. నేను ఆవిడ ముఖం చూడలేకపోయాను.

మళ్ళీ పెట్టమన్నారు.