రెండు వందల పన్నెండో లైను

బామ్మర్దీ,

అపార్టుమెంటు లిఫ్టు అంతస్తుల మధ్య ఆగిపోవడానికి దాని ప్రోగ్రాములో మీ అక్క రాసిన లైనే కారణమన్న నివేదిక మీద సోమవారం సంతకం పెడతానన్నావు. "నేనేం చెయ్యను బావా, కంపైలరే 212 అని చూపిస్తోంది" అన్నావు.

నిజమే. ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే దారిలో కంపైలరు ఒక మధ్యరూపం తయారుచేస్తుంది. అందులో ప్రతి ఆదేశం పక్కనా అది ఏ లైనులోంచి వచ్చిందో రాసి ఉంటుంది. నిన్న కూర్చుని అదంతా చదివాను. ఆ అంకెలు లిఫ్టులోకి ఎక్కించిన నాటి ఫైలువి. మీ ఆఫీసులో లెక్కపెట్టింది ఇవాళ్టి ఫైల్లో.

ఆ రెంటికీ మధ్య మీ అక్క ఫైలు మొదట్లో పదకొండు లైన్ల వివరణ చేర్చింది. మంచం మీదే లాప్‌టాప్ పెట్టుకుని, "ఇది రాయకపోతే నా తర్వాత వచ్చేవాళ్లు నన్ను తిట్టుకుంటారండీ" అని నవ్వింది. అది తను పోయేముందు చేసిన ఆఖరి పని. దాంతో కిందివన్నీ పదకొండు లైన్లు జరిగాయి. తప్పున్న లైను ఇప్పుడు 223. అది రాసింది నువ్వు.

నీకు తెలియదనే నమ్ముతున్నాను. తప్పు చిన్నదే, ఒక పూటలో దిద్దవచ్చు. కానీ నివేదికలో పేరు నువ్వే మార్చాలి. ఒక్కడినే చెప్పలేననుకుంటే ఫోను చెయ్యి. నీ పక్కన నేనూ కూర్చుంటాను.

మీ బావ