ఓడకి అంటుకున్న క్లిప్పులు

ఆదివారం

వీపు ఇంకా మండుతూనే ఉంది.

పొద్దున టేకు పట్టీల్ని వేడినీళ్లలో నానబెట్టి, నా బొమ్మ ఓడ పొట్టకి వంచి అంటించాను. జిగురు ఆరేదాకా ఏదో ఒకటి బిగించి పట్టుకోవాలి కదా! దండెం మీది బట్టల క్లిప్పులన్నీ పీక్కొచ్చాను. గాలికి నా బనియన్లు ఎగిరి, పక్కింటివాళ్లు ఆరబోసిన మిరపకాయల్లో పడ్డాయి. ఒకటి దులిపి తొడుక్కున్నాను. అంతే సంగతులు.

"నా క్లిప్పులు ఇటివ్వండి," అంది మా ఆవిడ.

లాగితే రావే! జిగురు కారి అవీ ఓడకి అతుక్కుపోయాయి.

ఆవిడ బనియన్లు మళ్లీ ఉతికి, ఓడని డాబా మీదికి మోసుకెళ్లి, ఆ క్లిప్పులకే తగిలించింది.

గాలికి బనియన్లు తెరచాపల్లా పొంగాయి. నిజం చెప్పొద్దూ, ఆర్నెల్లుగా చెక్కుతున్న ఆ మొద్దు ఇవాళే ఓడలా కనిపించింది. ఆ మాట పైకి అన్నానంటే, రేపట్నుంచి దుప్పట్లు కూడా దానిమీదే ఆరేస్తుంది.