అఖిల బాగలేదన్న సోడా

అక్కా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాదైంది. నీ బిడ్డ అఖిల నా దగ్గరనే ఉంటాంది. ఏం వండిపెట్టినా "బాగుంది పిన్ని" అంటది. ఉప్పెక్కువైన పప్పు గూడ బాగుందన్నది. చుట్టాలింటికి వచ్చిన పిల్ల లెక్క గంత మర్యాదేందని నాకు రోజూ ఫికరే.

పొద్దుగాల మెల్లగ అడిగింది, "పిన్ని, అమ్మ చేసే ఐస్‌క్రీం సోడా చేస్తవా?"

ఏడాదిల అది నోరు తెరిచి ఇది కావాల్నని అడిగింది గిదొక్కటే. హన్మకొండ చౌరస్తాకు పోయి సోడా, రోజ్ సిరప్, వెనీలా ఐస్‌క్రీం తెచ్చిన. ముందు ఏది వెయ్యాల్నో నిన్ను ఎన్నడూ అడగలేదు. ఐస్‌క్రీం మీద సోడా పోసిన. నురగ పొంగి గచ్చంత గులాబి రంగైంది.

అఖిల ఒక్క గుటక తాగి ఆగింది. నేను గచ్చు తుడుసుకుంట దాని మొకమే చూసిన.

"బాగలేదు పిన్ని. అమ్మ ముందు సోడా పోసేది, పైన ఐస్‌క్రీం ఏసేది. నీకు రాదు, జర జరుగు."

ఆ మాటకు నా పానం కుదుటవడ్డది.

ఇన్నొద్దులు నన్నడగంది ఫ్రిజ్ ముట్టని పిల్ల, ఇయ్యాల అడగకుండనే తలుపు తెరిచి మిగిలిన ఐస్‌క్రీం బయటికి తీసింది.

నీ చెల్లె