తమ్ముడి కానుగలు నిలిచాయి

బిడ్డా మహిమా, ఈసారి ఏడుస్తూ రాసిన కార్డు కాదు, నిమ్మళంగా చదువు.

నీ తమ్ముడు జాషువా చనిపోయే ముందు సంవత్సరం బొగ్గు గని మట్టి గుట్ట మీద నాటిన కానుగ చెట్లను చూడటానికి మొన్న సర్వే వాళ్లు వచ్చారు. అక్కడ మొక్కలు నిలవలేదని కాగితం మీద పడితే, మిషన్లతో మొత్తం చదును చేస్తారట. నేను వాళ్లకు నీళ్లు మోసే పనికి పోయాను. మీటరు పొడవు, మీటరు వెడల్పు చట్రం నేల మీద వేసి, అందులో ఉన్న ప్రతి మొక్కనూ లెక్క పెడతారు. వాళ్ల పెద్ద సారు మాత్రం బాట పక్కనే, మేకలు తొక్కిన చోటే వేయిస్తున్నాడు. పదిసార్లు వేసి పదిసార్లూ సున్నా రాశాడు.

"బాటెంబటే ఏస్తే మొక్క ఎట్ల దొరుకుతది సారూ? లోపలికొస్తే ముండ్లు గుచ్చుకుంటయా ఏంది?" అన్నాను.

అందరూ నవ్వారు. సారు తల గోక్కొని, "నిజమేనమ్మా, తప్పు నాదే. గుట్టకు అడ్డంగా యాభై అడుగులకోసారి ఏద్దాం, యాడ పడితే ఆడనే లెక్క" అన్నాడు.

మొదటి చట్రంలోనే పదకొండు మొక్కలు! తమ్ముడి కానుగల నీడలో, ఎవరూ నాటని తునికి, నేరేడు మొలకలు. "ఇవి పిట్టలు తెచ్చినయి. చెట్లున్నయి కాబట్టే పిట్టలొచ్చినయి" అని సారే చెప్పాడు. గుట్ట చివరిదాకా లెక్క పెట్టి, దాన్ని కదిలించవద్దని నా ముందే రాసి సంతకం పెట్టాడు.

చిన్నదానికి దగ్గు తగ్గిందా? ఎర్రుపాలెం మిరపకాయలు కారం పట్టించి పంపు. అల్లుడికి చెప్పి, సెలవుల్లో పిల్లలను తీసుకొని రా. మేనమామ చెట్ల కింద కూర్చోబెట్టి అన్నం పెడతాను. ప్రభువు మీ ఇంటిని చల్లగా కాయాలి.

మీ అమ్మ మరియ