పక్క మార్చే డ్యూటీ

బిలాస్‌పూర్, రైల్వే క్వార్టర్సు
12 జూన్ 1993

ప్రియమైన పెద్ద సిస్టరమ్మ చిన్నమ్మి గారికి,

ఆ వైజాగ్‌లో తెల్ల చీర కట్టుకొని ముసిలోళ్లందర్నీ బెదిరిస్తన్నావా? ఇక్కడ మీ అన్న కూడా తక్కువోడేటి కాదు. అమ్మకి ఎడం కాలూ చెయ్యీ పడిపోయి నాలుగు నెల్లయినాది గదా, రెండేసి గంటలకి పక్క మార్చమని రాసినావు. మీ వదినకి గడియారం చూడ్డం రాదు. నాకేమో ఇంజన్ల షెడ్డులో డ్యూటీ. అందుకే కొత్త పద్ధతి పెట్టినాను. మన క్వార్టరు ఎనకే లైను. రాయపూర్ పాసింజరు ఎల్తే ఎడమకి, కట్నీ బండి ఎల్తే ఎల్లకిలా, బొంబాయి మెయిలు ఎల్తే కుడికి. కూత వినగానే మీ వదిన వంటింట్లోంచి లగెత్తుకొస్తాది. అమ్మకి అది చూసి ఒకటే నవ్వు.

ఈ తెలివి మీ నర్సుల్లో ఒక్కరికైనా ఉన్నాదేటి? అయిదో క్లాసు తప్పినోడి బుర్ర ఇది!

నీ కన్నా పెద్ద డాక్టరు,
అమ్మన్న

విశాఖపట్నం
24 జూన్

ప్రియమైన అన్నయ్యకి,

నీ ఉత్తరం మా వార్డులో అందరికీ చదివి వినిపించాను. నవ్వుకున్నాం. గదికొచ్చి మళ్లీ చదివితే నవ్వు రాలేదు.

అమ్మ నడుం కింద, ఎముక తగిలే చోట చూడు. ఎర్రగా ఉంటే వేలితో నొక్కు. వేలు తియ్యగానే తెల్లబడి, మళ్లీ ఎర్రబడితే భయం లేదు. నొక్కినా అలాగే ఉంటే అది పుండుకి మొదలు. రుద్దకండి. పక్క మార్చేటప్పుడు ఈడ్చకండి, దుప్పటితో ఎత్తండి. వదినకి గడియారం నేర్పు. బళ్లని నమ్మకు.

పదేళ్ల కిందట నేను డాక్టరు గారి వెనకాల ట్రే పట్టుకొని నడిచేదాన్ని. ఆయన చెప్పందే కట్టు విప్పడానికి లేదు. ఇప్పుడు ముసలివాళ్ల వార్డు నా చేతిలో పెట్టారు. డాక్టరు వారానికి రెండుసార్లే వస్తారు. ఎవర్ని లేపి నడిపించాలి, ఏ పుండు ఎలా కట్టాలి, అన్నీ నేనే చూస్తున్నాను. వాళ్ల కొడుకులకీ కోడళ్లకీ నేర్పి ఇంటికి పంపడం కూడా నా పనే. ఊళ్లోవాళ్ల అమ్మలందరికీ నేనున్నాను, మన అమ్మకి లేను. రాజీనామా కాగితం రాసి పెట్టాను అన్నయ్యా. ఇవ్వడానికి చెయ్యి రావట్లేదు.

నీ చెల్లి,
చిన్నమ్మి

బిలాస్‌పూర్
9 జూలై

బంగారు తల్లీ చిన్నమ్మీ,

నీ ఉత్తరం అందినాది. గడియారం రేపు నేర్పుదాం, ఎల్లుండి నేర్పుదాం అనుకున్నాను. మొన్న వాన కురిసి లైను మీదకి నీళ్లొచ్చీనాయి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్క బండి లేదు. మీ వదిన కూత కోసం చూస్తా కూకున్నాది. అమ్మ ఒకే పక్క మీద ఉండిపోనాది, నోరెత్తి అడగలేదు. ఇరవయ్యేళ్లు షెడ్డులో పన్జేసినోడిని, బండి టయానికి రాదని నాకు తెలీదా?

నువ్వన్న చోటే ఎర్రగా ఉంటే నొక్కినాను. తెల్లబడలేదు. నిన్న తోలు లేచిపోనాది. చింతగింజంత పుండు.

ఇది పరాచికం కాదమ్మా. ఆ కాగితం ఇచ్చీసి వచ్చీయ్. నాకు భయమేస్తంది.

మీ అన్న

బిలాస్‌పూర్
22 ఆగస్టు

ప్రియమైన ఇన్‌స్పెక్టరమ్మకి,

నీ మీద కోపంతో నెల్రోజులు ఉత్తరం రాయలేదు. ఉద్యోగం మానేసి వస్తావనుకుంటే అయిదు రోజుల సెలవు పెట్టుకొని వచ్చినావు. వచ్చి మంచం పక్కన చేతులు కట్టుకొని నిలబడ్డావు. "చెయ్యి కడుక్కో అన్నయ్యా. మళ్లీ కడుక్కో. ఇప్పుడు నీళ్లు పొయ్యి. వదినా, నువ్వు కట్టు." అయిదు రోజుల్లో ఒక్కసారైనా పుండు మీద చెయ్యి వెయ్యలేదు. నువ్వు బండెక్కినాక మీ వదినతో అన్నాను, "నర్సయిపోయి మనిషి రాయైపోనాది" అని.

అచ్ఛా, ఇప్పుడు విను. పుండు మూసుకున్నాది. లేత తోలొచ్చినాది. మీ వదిన గడియారం చూసి నన్నే తిడతంది, అయిదు నిమిషాలు లేటని. అంతా నువ్వే చేసిపెట్టి ఎలిపోయుంటే మేం మళ్లీ బళ్ల కోసం కూకుందుము. ఆ రాజీనామా కాగితం చింపీయ్. ఆ వార్డులో నువ్వుండాలి.

ఇంకో సంగతి. రాయాలా వద్దా అని ఆలోచించినాను. నువ్వెళ్లిన మర్నాడు అమ్మ నన్ను పిలిచి నెమ్మదిగా అన్నాది: "ఆ నర్సమ్మ మంచిది నాన్నా. గదమాయిస్తాది గానీ మంచిది. మన చిన్నమ్మి ఎప్పుడొస్తాది?"

నాతో ఆట్లాడతందనుకొని నవ్వినాను. అమ్మ నవ్వలేదు. గుమ్మం కేసి చూసినాది. "వస్తాదమ్మా" అన్నాను. రోజూ అడుగుతంది, రోజూ అదే సెప్తన్నాను.

అందుకని దసరాకి రా. పుండు చూడ్డానికి కాదు, అది మా డ్యూటీ. అమ్మ తల చిక్కులు కట్టీసినాది, మీ వదిన చెయ్యేస్తే ఒప్పుకోదు. నూనె రాసి, ఒళ్లో తల పెట్టుకొని, నెమ్మదిగా జడెయ్యి. పేరు సెప్పక్కర్లేదు, చెయ్యి తగిలితే తెలిసిపోతాది.

మళ్లీ చేతులు కట్టుకొని నిలబడ్డావో, వచ్చిన బండికే ఎక్కించీస్తాను.

నీ డ్యూటీ లాక్కున్నోడు,
మీ అన్న అమ్మన్న