ఇగ్వానాను తిరిగి అడిగిన బావకు

బావా,

కొట్టులో అద్దాల పెట్టె ఖాళీగా ఉంటే కళగా లేదనీ, శనివారం వచ్చి ఇగ్వానాను తీసుకెళ్తాననీ రాశావు. ఇవ్వను.

మూడేళ్లు ఆ పెద్ద బల్లిని ఎండ తగలని ఆ పెట్టెలో ఉంచి, కొనేవాళ్లు నవ్వుకోవడానికి బిస్కెట్లు తినిపించావు. జబ్బుపడిందని నువ్వు నాకు అప్పజెప్పేసరికి దాని దవడ మెత్తబడిపోయింది, ఆకు నమల్లేదు. ముచ్చట కోసం ప్రాణిని బంధించడం దౌర్జన్యం కాదా? ఈ మాట నీకెన్నిసార్లు చెప్పాను! ఇక ఓపిక లేదు.

మొదట్లో నా గొంతు అలవాటవుతుందని నా వ్యాసాలు దానికి గట్టిగా చదివి వినిపించేవాణ్ణి. అది మెడకింద తిత్తి ఉబ్బించి తోకతో కొట్టేది. మా ఆవిడ చూసి చూసి, "ముందు మీరు నోరు మూసుకోండి, అప్పుడది తెరుస్తుంది" అంది.

ఐదు నెలలుగా రోజూ బాల్కనీలో, ఎండలో, దాని పక్కన మాట్లాడకుండా కూర్చుంటున్నాను. నాకది ఎంత కష్టమో అక్కనడుగు. నిన్న నా చేతిలో మందారపువ్వు తిని, మెల్లగా భుజమెక్కి కళ్లు మూసుకుంది.

శనివారం రా, చూసి వెళ్లు. పెట్టె తేకు. నువ్వెంత అరిచినా ఈసారి నేను తిరిగి అరవను. అది నా భుజం మీదే ఉంటుంది.

నీ బావమరిది