అమ్మ పెట్టకూడని పరీక్ష

కౌడర్స్‌పోర్ట్, ఏప్రిల్ 9

ప్రియమైన రోవీనక్కకు,

ఫోను చేస్తే రెండో నిమిషానికే అరుచుకుంటాం కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. కాగితం మీదైతే నువ్వు మధ్యలో అడ్డు తగలలేవు.

మా అమ్మాయి టాన్సీకి ఈ ఏడు మూడో తరగతి. ఇంట్లో చదివే పిల్లలకు మన పెన్సిల్వేనియాలో మూడు, ఐదు, ఎనిమిది తరగతుల్లో పరీక్ష తప్పదు కదా. ప్రశ్నపత్రం తెప్పించి నిన్న నేనే పెట్టేశాను. చకచకా రాసేసింది. ఇక ఏడాది చదువంతా చూపించే దస్త్రం మూడు అట్టపెట్టెలైంది. మేక ఈనినప్పుడు వేసిన బొమ్మలూ, రొట్టె ఎందుకు మాడిందో రాసిన వ్యాసమూ, ఏదీ వదల్లేదు.

రెండేళ్ల కిందట థ్యాంక్స్‌గివింగ్ విందులో అందరి ముందూ ఏమన్నావు? "ఆ వంటింట్లో బంగాళాదుంపలు ఉడుకుతాయి గానీ చదువు ఉడకదు" అన్నావు. ఇప్పుడేమంటావో రాయి.

నీ చెల్లెలు,
మార్లిస్


ఈరీ, ఏప్రిల్ 14

ప్రియమైన మార్లిస్‌కు,

పిచ్చిమొహమా, ఆ పరీక్ష తల్లీ తండ్రీ పెట్టకూడదే! చట్టంలో స్పష్టంగా ఉంది. నువ్వు పెట్టింది చెల్లదు. వేరే మనిషిని చూసుకో.

ఆ పెట్టెలెవరికి? చదివిన పుస్తకాల చిట్టా, చేసిన పనిలో కొన్ని నమూనాలు, పరీక్ష ఫలితం, అంతే దస్త్రం. దాన్ని నువ్వు ఎంచుకున్న టీచరు చూసి, పిల్లతో మాట్లాడి, చదువు సాగుతోందని రాసిస్తుంది. ఆ ఒక్క కాగితం జూన్ ముప్పైలోగా బడుల ఆఫీసుకు చేరాలి. మేక కథ వాళ్లకెందుకు?

ముప్పై ఎనిమిదేళ్లు బళ్లో పాఠాలు చెప్పినదాన్ని ముందే ఒక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయేది?

అక్క


కౌడర్స్‌పోర్ట్, ఏప్రిల్ 18

అక్కా,

నీ ఉత్తరం చదివి కోడిగూళ్ల వెనక కూర్చుని ఏడ్చాను. మార్కులు తక్కువొస్తే? పిల్లని బళ్లో వెయ్యమంటే? పోస్టాఫీసు ఆవిడని పరీక్ష పెట్టమని బతిమాలితే, "భిన్నాలంటే నాకే భయమమ్మా" అంది. మా ఆయనేమో తండ్రి, పనికిరాడు.

పెద్దమ్మ పెట్టొచ్చా? కొత్త పరీక్ష తెప్పించాను. ఆ బంగాళాదుంపల మాట నువ్వు వెనక్కి తీసుకోనక్కర్లేదు. వస్తే చాలు.

మార్లిస్


ఈరీ, మే 20

ప్రియమైన చెల్లికి,

ఫలితాలు అందాయని రాశావు. చదవడం బాగా, రాయడం బాగా, లెక్కలు ఓ మోస్తరు. ఇంకా దేనికే దిగులు? ఇన్ని మార్కులు రావాలని చట్టంలో ఎక్కడా లేదు.

నేను మీ ఇంటికొచ్చి పరీక్ష పెట్టిన రోజు నిన్ను బయటికి గెంటాక లోపలేం జరిగిందో నీకు తెలియదు. నువ్వేమో అదే కిటికీ అద్దం మూడుసార్లు తుడిచావు, పెదవులు కదుపుతూ! టాన్సీ పెన్సిలు ఆపి, "పెద్దమ్మా, అమ్మ ఎవరితో మాట్లాడుతోంది?" అంది. "ఏడో ఎక్కం అప్పజెప్పుకుంటోందిలే, నువ్వు రాసుకో" అన్నాను. "అమ్మకి ఎనిమిదో ఎక్కం రాదు, ఎవరికీ చెప్పకు" అంది. తెర లాగేశాను.

ఇంకోటి కూడా చెప్పాలి. రిటైరై ఆరేళ్లయింది. ఎదురుగా ఓ పిల్ల కూర్చుని పెన్సిలు కొరుకుతుంటే ప్రాణం లేచొచ్చింది. ఇళ్లల్లో పిల్లల్ని దాచుకుని పాడుచేస్తున్నారని ఇన్నాళ్లూ అందరిమీదా నోరు పారేసుకున్నాను. ఒక్క ఇంటికైనా వెళ్లి చూశానా? మీ ఇంటికే రెండేళ్లు రాలేదు.

తిరిగొచ్చిన వారమే మా చర్చి బోర్డు మీద చీటీ అంటించాను: ఇంట్లో చదివే పిల్లల దస్త్రాలు చూసి కాగితం రాసిస్తానని. టీచరు సర్టిఫికెట్టు ఉంది, అనుభవం ఉంది, అర్హత అంతే. నీ పిల్లకి మాత్రం ఇంకెవరినైనా చూసుకో. నేను చూస్తే మనిద్దరం మళ్లీ కొట్టుకుంటాం.

ఇప్పటికి రెండు కుటుంబాలు అడిగాయి. శనివారం మొదటి ఇంటికి వెళ్తున్నాను. ఆ తల్లి ఫోనులో భయంభయంగా, "మీరు బాగా కఠినమా?" అంది. మా చెల్లెల్నే అడగమని నీ నంబరిచ్చాను. ఫోను చేస్తుంది. నా గురించి నాలుగు మంచి మాటలు చెప్పవే, అబద్ధమైనా సరే.

ప్రేమతో,
మీ అక్క రోవీనా